అత్తిమంజేరిపేట పెట్టె

“సాయంత్రం ఐదుకి ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకొని పోతాను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుణశేఖర్. “అంతవరకూ మీరు ఏం కావాలన్నా అడగండి. నేను అడ్డం రాను.”

“అడ్డం రానంటే కుర్చీ కొంచెం పక్కకి లాక్కోండి సార్. అమ్మాయి ముఖం నాకు కనబడడంలా,” అంది సుందరవల్లి.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కుర్చీ మాత్రం జరిపాడు.

తిరుత్తణిలో ఒక ట్రస్టు ఆఫీసు అది. పిల్లల ఉబ్బసం మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. జలుబు చేసిన ప్రతిసారీ కొందరు పిల్లలకు అది ఛాతీలోకి దిగి ఆయాసంగా ఎందుకు మారుతుంది, రోజూ కొంచెం మందు పీలిస్తే దాన్ని ఆపగలమా అని తేల్చడానికి డాక్టర్ కవిప్రియ రెండు ఊళ్ళలో పిల్లలను చూస్తోంది. ఆంధ్ర సరిహద్దులో అత్తిమంజేరిపేట ఒకటి, పులికాట్ సరస్సు పక్కన ఆరంబాక్కం ఒకటి. ఎండాకాలం నుంచీ రెండు చోట్లా పిల్లలు హాయిగా నిద్రపోయారు. ఆయుధపూజ దాటిన తరవాత అత్తిమంజేరిపేటలో అంతా తలకిందులైంది. ఒకరి వెనక ఒకరు పిల్లలు రాత్రంతా కూర్చుని ఎగపీల్చడం మొదలుపెట్టారు. మధుమిత అనే ఏడేళ్ళ పాపను తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు.

అంతలో పోలీసులకు ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేశారు. ఆ ఊరి పిల్లలను చూసుకునే నర్సు రమ్యశ్రీ గదిలో వెతకమన్నారు. అటక మీద ఇన్‌హేలర్ల పెట్టె దొరికింది. అసలు మందు తను దాచుకొని, పిల్లలకు డూప్లికేట్‌వి పంచిందని గుణశేఖర్ కేసు కట్టాడు. కేసు నిలబడితే ఆ అమ్మాయికి జైలు, పరిశోధనకు తాళం. కవిప్రియ తిరువళ్ళూరు నుంచి సుందరవల్లిని పిలిపించింది అందుకే.

సుందరవల్లి మాటలు తక్కువ మనిషి. పోయిన ఏడు భర్త పోయాక, ఆ తక్కువలోనూ పనికి కావలసినవే మిగిలాయి. ఆమె డిటెక్టివ్ ఏజెన్సీకి వచ్చేవాళ్ళకు అది నచ్చేది. పోలీసులకు నచ్చేది కాదు.

రమ్యశ్రీకి ఇరవై ఆరేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ప్రశ్న అడగకముందే ఆమే అడిగింది.

“మేడమ్, మధుమితకి ఎట్లుంది ఇప్పుడు? నాకెవరూ చెప్పడంలా.”

“ఆక్సిజన్ తగ్గించినారంట. ఆస్పత్రికి పోయిన రెండో రోజు నుంచే తేరుకుంటా ఉందంట.”

రమ్యశ్రీ రెండు చేతులతో ముఖం కప్పుకొని, మళ్ళీ తీసింది. “సరి. ఇప్పుడు అడగండి.”

“పెట్టెని మొదట ఎప్పుడు చూసినావు?”

“పోలీసోళ్ళు దించినప్పుడే. ఆ అటక మీద ఏముందో కూడా నాకు తెలీదు.”

“గదిలో స్టూలు ఉండింది,” అన్నాడు గుణశేఖర్ కిటికీ వైపు చూస్తూ.

“నా ఎత్తు చూడండి సార్. స్టూలెక్కి మునికాళ్ళ మీద నిలబడితే అటకకి తగిలేది వేళ్ళే. అంత పెట్టెని వేళ్ళతో పైకి తోస్తానా?”

“గది ఎవరిది?” అంది సుందరవల్లి.

“ఆఫీసుదే మేడమ్. వెనకాల క్వార్టర్స్.”

“రెండో తాళంచెవి?”

“స్టోర్‌లో మేకుకి తగిలించి ఉంటుంది. అన్ని గదులవీ అక్కడే.”

సుందరవల్లి తల ఊపింది. “తల్లులకి నువ్వు ఏమేమి నేర్పించినావు?”

“పంపు ఊపేది, బుడ్డికి తగిలించేది, పిల్లోళ్ళ చేత పీల్పించేది, బుడ్డి కడిగేది, ఆరబెట్టేది. అన్నీ వాళ్ళ చేత చేయించి చూసినాకే ఇచ్చినా.”

పంపు అంటే ఇన్‌హేలర్, బుడ్డి అంటే స్పేసర్. చిన్న సీసా అంత ఉండే ప్లాస్టిక్ గొట్టం. ఒక కొసన ఇన్‌హేలర్ తగిలించి నొక్కితే మందు పొగలాగా గొట్టంలో నిలుస్తుంది. రెండో కొసన నోరు పెట్టి పిల్లలు మెల్లగా పీల్చుకుంటారు. చిన్నపిల్లలకు అది లేకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది.

“అయిపోయిందా?” అన్నాడు గుణశేఖర్.

“మీకు అయిపోయింది సార్. నాకు ఇంకా కాలేదు,” అని సుందరవల్లి లేచింది.

స్టోర్ చూసే దినకర్ ఆమె వచ్చేసరికి ఫిల్టర్ కాఫీ తెప్పించి పెట్టాడు. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, నోట్లో ఎప్పుడూ ఒక మంచిమాట.

“కూర్చోండక్కా. మీ గురించి శానా విన్నా. తిరువళ్ళూరు నగల షాపు కేసు మీరే కదా పట్టినారు?”

“ఆమా, నేనే. ఇక్కడ స్టాకు నీ చేతి మీదుగానే పోతుందా?”

“నా చేయి తగలకుండా ఇక్కడ సూది కూడా కదలదు.”

“రమ్యశ్రీ అట్లా చేసుంటుందని నీకు అనిపిస్తుందా?”

దినకర్ దీర్ఘంగా ఊపిరి విడిచాడు. “ఏం చెప్పేదక్కా. చిన్నపిల్ల. ఆశపడింది. పాపం, ఆ ఊరి పిల్లోళ్ళ నోట్లోకి పోయింది ఉత్త గాలి.”

“ల్యాబు రిపోర్టు ఇంకా రాలేదే. గాలి అని నీకెట్లా తెలిసింది?”

“రిపోర్టు యాల? పిల్లోళ్ళు ఎగపీల్చేది చూస్తే తెలీడంలా?”

“నువ్వు పోయి చూసినావా?”

“లేదు, లేదు. జనం చెప్పుకుంటా ఉన్నారు.” అతను గ్లాసు ముందుకు జరిపాడు. “ఆరిపోతుంది, తాగండక్కా.”

సుందరవల్లి కాఫీ తాగింది. గోడకు వరసగా మేకులు, వాటికి తాళంచెవులు. కాఫీ బాగుందని చెప్పి బయటకు వచ్చింది.

అత్తిమంజేరిపేటలో వరదమ్మ ఇంటి ముందు ఆమె దిగేసరికి లోపల పవర్‌లూమ్ మగ్గాలు రెండూ మోగుతున్నాయి. వరదమ్మ వాటిని ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మనవడు గోకుల్ మంచం మీద ఒంటికి దిండు ఆనించుకొని కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. అయినా కొత్త మనిషిని చూసి కళ్ళతోనే పలకరించాడు.

“ఎనిమిదేళ్ళోడు. స్కూల్లో పరుగు పందెంలో ఫస్టు,” అంది వరదమ్మ. “ఇప్పుడు బాత్రూముకి పోయొచ్చేదానికే కూలబడతా ఉన్నాడు. ఆ నర్సమ్మ మమ్మల్ని మోసం చేసిందంట కదమ్మా. నిజమేనా? నా చేత్తో అన్నం తినింది ఆ పిల్ల.”

“తెలుసుకునేదానికే వచ్చినానక్కా. పంపు చూపించండి.”

వరదమ్మ పంపు తెచ్చేలోపే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. గుణశేఖర్. వెనక ఒక కానిస్టేబుల్, చేతిలో గోనెసంచి.

“అది నాకివ్వాల అమ్మా. ఎవిడెన్స్,” అన్నాడు.

“పిల్లోడికి ఆయాసంగా ఉంది సార్,” అంది సుందరవల్లి.

“అందులో ఉండేది గాలే కదా. ఉంటేనేమి, పోతేనేమి?”

“గాలి అని మీకు చెప్పింది ఎవరు?”

“అటక మీద అసలువి దొరికినప్పుడు ఇక్కడ ఉండేవి ఏమవుతాయి? కూడిక, తీసివేత. అంతే.”

“అయితే మీ ఫోన్ ఒక్క నిమిషం ఇవ్వండి.”

గుణశేఖర్ అనుమానంగా చూసి ఇచ్చాడు. నల్ల కవరు వేసిన ఫోన్. సుందరవల్లి పంపును బాగా ఊపి, కవరుకు దగ్గరగా పెట్టి ఒక్కసారి నొక్కింది. నల్ల కవరు మీద తెల్లగా, సన్నటి పొడి మచ్చ పడింది. వేలితో రాస్తే వేలికి అంటింది.

“ఉత్త గాలికి మరక ఉండదు సార్. పంపులో మందు ఉంది.”

“ఉంటే పిల్లోడికి నయం కావాల కదా? ఎందుకు కాలేదు?”

ఆ ప్రశ్న మంచిదే. సుందరవల్లి వరదమ్మ వైపు తిరిగింది. ఆమె బుడ్డి అడిగింది.

వరదమ్మ దాన్ని దేవుడి గూట్లో నుంచి తెచ్చింది. రెండు చేతులతో పట్టుకొని తెచ్చింది. గొట్టం మీద గంధం పూసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మిగిలినదంతా అద్దంలా మెరుస్తోంది. లోపల మాత్రం గోడలన్నిటికీ తెల్లటి పొర పట్టి ఉంది, చలికి అద్దం మసకబారినట్టు.

సుందరవల్లి దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. ఫోన్ కవరు మీది పొడీ ఈ పొరా ఒకే రంగు.

“ఈ బొట్టు ఎప్పుడు పెట్టినారక్కా?”

“ఆయుధపూజకి. తరికి,” అని మగ్గం వైపు చూపించింది, “మోటారుకి, కత్తెరకి, పిల్లోని పుస్తకాలకి, అన్నిటికీ పెట్టినాం. వీడికి ఊపిరి పోసేది ఇదే కదా. దీనికి పెట్టకుండా ఉంటామా?”

“మీ ఇంట్లోనేనా?”

“ఊళ్ళో బుడ్డి ఉండే ఇండ్లన్నిట్లో పెట్టినారు. నన్ను చూసే పెట్టినారు,” అంది వరదమ్మ కొంచెం గర్వంగా.

“వారానికి ఒకసారి సోపు నీళ్ళలో కడగమని నర్సు చెప్పలేదా?”

“చెప్పింది. పూజకి ముందు దాకా కడిగినాం. పూజలో పెట్టి బొట్టు పెట్టినాక దాన్ని సోపేసి తోముతారా ఎవురైనా? బండికి పెట్టిన బొట్టు కూడా తనంతట తాను పోయేదాకా ఉంచుతాం కదా.” వరదమ్మ మగ్గం పక్కనుంచి మెరుస్తున్న పాలిస్టర్ గుడ్డముక్క తీసింది. “దీంతో తుడుస్తా ఉన్నా. బొట్టు చెరక్కుండా చుట్టూ, లోపల వేలు పోయిన కాడికి. పొద్దునా సాయంత్రం. అద్దం మాదిరి పెట్టుకున్నా.”

“ఒకసారి తుడిచి చూపించండి.”

వరదమ్మ అలవాటైన చేత్తో గసగసా రుద్దింది. సుందరవల్లి దాన్ని అందుకొని నేలకు దగ్గరగా వంచింది. మగ్గం కింద పడి ఉన్న సన్నటి పోగులు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఎగిరి వచ్చి గొట్టానికి అతుక్కున్నాయి.

కానిస్టేబుల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. గుణశేఖర్ మాత్రం వంగి చూశాడు.

సుందరవల్లి కవిప్రియకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. చూసింది చూసినట్టు చెప్పింది.

“రుద్దితే ప్లాస్టిక్‌కి కరెంటు పడుతుంది,” అంది డాక్టర్. “పంపు నొక్కగానే మందంతా గోడలకి అతుక్కుంటుంది. పిల్లలకి పోయేది ఏమీ ఉండదు. అందుకే తుడవద్దని, సోపు నీళ్ళలో ముంచి అట్లే ఆరబెట్టమని చెప్తాం. మధుమిత ఆస్పత్రికి పోగానే ఎందుకు కోలుకుందో ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ మెషీన్‌తో మందు పెట్టినారు. ఇంటి బుడ్డి తీసుకొని పోలేదు.” ఆమె గొంతు సర్దుకుంది. “గోకుల్ మాట్లాడగలుగుతున్నాడా?”

“నేను బాగున్నా డాక్టరమ్మా,” అన్నాడు గోకుల్. అది చెప్పడానికి అతనికి రెండు ఊపిరులు పట్టాయి.

“అయితే టైముంది. బుడ్డి కడిగి ఎండలో పెట్టండి. ఆరగానే, ఆయాసం పట్టినప్పుడు ఇచ్చే నీలం పంపు ఇవ్వండి. నేను లైన్‌లోనే ఉంటాను.”

వరదమ్మ మాత్రం బుడ్డి వదల్లేదు. గుండెకు హత్తుకొని నిలబడింది. “బొట్టు కడిగేస్తే సామికి కోపం రాదా? వీడికి ఇంకా ఏమన్నా అయితే?”

గుణశేఖర్ ఏదో అనబోయాడు. సుందరవల్లి చెయ్యెత్తి ఆపింది.

“అక్కా, తిరుత్తణి కొండెక్కినారు కదా మీరు. అభిషేకం చూసినారా?”

“చూడకుండా ఉంటానా. ఆడికృత్తికకి ప్రతి ఏడూ పోతాం.”

“సామికి గంధం పూస్తారు, కుంకుమ పెడతారు. పొద్దున్నే పాలు, నీళ్ళు పోసి అంతా కడిగేస్తారు. ఆయనకి కోపం వచ్చిందా?”

వరదమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తరవాత బుడ్డి వైపు చూసింది. మెల్లగా నవ్వు వచ్చింది.

“అయితే దీనికీ అభిషేకమే అంటావు.”

“వారం వారం చేయండి.”

బుడ్డి సోపు నీళ్ళలో మునిగింది. ఎర్రటి చార ఒకటి నీళ్ళలో తిరిగి కరిగిపోయింది. వరదమ్మ దాన్ని తుడవబోయి, నాలిక కరుచుకొని, ఎండలో నిలబెట్టింది. అది ఆరేలోపు గుణశేఖర్ మగ్గం పక్కన అటూ ఇటూ నడిచాడు.

ఆరిన బుడ్డితో గోకుల్ నీలం పంపు పీల్చాడు. డాక్టర్ ఫోన్‌లో ఊపిరులు లెక్కపెట్టింది. ఆపి, మళ్ళీ ఇప్పించింది. కాసేపటికి పిల్లవాడి మెడ దగ్గర గుంట లోతు తగ్గింది. ఇంకాసేపటికి కనబడలేదు. ఊపిరి బలం కొలిచేదానికి నర్సు ఇచ్చిన మీటరు తనే తీసుకొని గట్టిగా ఊదాడు. పొద్దున కదలనని మొండికేసిన ముల్లు ఎర్రగీత దాటి, పసుపు దాటి, పచ్చగీత దగ్గర ఆగింది.

“అవ్వా,” అన్నాడు గోకుల్, “నా ఛాతీలో తరి ఆగిపోయింది.”

వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. మరుక్షణం బయటకు వచ్చి వీధిలోకి నడిచింది. పక్కింటి తలుపు, దాని పక్కింటి తలుపు తడుతున్న చప్పుడు వినిపించింది. సుందరవల్లి ఆమె వెనకే వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ దేవుడి గూట్లో బుడ్డి, దాని మీద బొట్టు, లోపల తెల్లటి పొర. ప్రతి ఇంటి పంపూ గుణశేఖర్ ఫోన్ కవరు మీద తెల్లటి మరక వేసింది. కాసేపటికి ఆ వీధి అరుగులన్నిటి మీదా బుడ్డీలు నీళ్ళోడుతూ ఎండలో నిలబడ్డాయి.

గుణశేఖర్ కవరును చేతిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. పొద్దుటి గొంతు లేదు అతనికి.

“అయితే నేరమే జరగలేదంటారా?”

“ఇక్కడ జరగలేదు సార్. అటక మీద జరిగింది.”

“అర్థం కాలేదు.”

“పిల్లల దగ్గర ఉండేవన్నీ అసలువి. మరి రమ్యశ్రీ దాచుకున్న అసలువి యాడనుంచి వచ్చినాయి? మీరు చెప్పిన కూడిక, తీసివేతే. ఒకసారి మళ్ళీ చేయండి.”

అతను నడక ఆపేశాడు.

ఐదుకు ముందే అందరూ ఆఫీసులో ఉన్నారు. కవిప్రియ బల్ల వెనక, రమ్యశ్రీ గోడ పక్కన, దినకర్ తలుపు దగ్గర. స్టాకు సంగతులు అడగాలని అతన్ని కూడా పిలిపించింది సుందరవల్లి. అటక మీద దొరికిన పెట్టెను గుణశేఖర్ బల్ల మీద పెట్టాడు.

“మంచి వార్త,” అంది సుందరవల్లి. “అత్తిమంజేరిపేటలో పంచినవన్నీ అసలు మందులే. ఒక్కటి కూడా డూప్లికేట్ కాదు. పిల్లలకి ఆయాసం వచ్చింది బుడ్డీల వల్ల. వాళ్ళు తేరుకుంటా ఉన్నారు. మధుమితకి మధ్యాహ్నం ఆక్సిజన్ తీసేసినారంట.”

ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె రమ్యశ్రీ వైపు చూడలేదు. రమ్యశ్రీ ఏడుస్తుందని ఆమెకు తెలుసు. డాక్టర్ వైపూ చూడలేదు. ఆమె చూసింది దినకర్‌ను.

దినకర్ నోరు కొంచెం తెరుచుకుంది.

“అదెట్లా?” అన్నాడు.

“ఏది ఎట్లా?”

“సరిగ్గా టెస్టు చేసినారా? ఇంకొకసారి చూడండక్కా. ఏదో పొరపాటు ఉంటుంది.”

“పంపిన సరుకు మంచిదని తెలిస్తే స్టోర్ చూసేవాడు నెమ్మదిపడాల. నీకేం తక్కువైంది?”

“తక్కువేమీ లేదు. నేను అనేది…”

“ఉండు.” ఆమె పెట్టెలోనుంచి ఒక ఇన్‌హేలర్ తీసి ఊపింది. గుణశేఖర్ అడగకుండానే ఫోన్ అందించాడు. నల్ల కవరు మీద ఆమె ఒకసారి నొక్కింది. మళ్ళీ నొక్కింది. కవరు నల్లగానే ఉంది. కొంచెం చెమ్మ మెరిసి ఆరిపోయింది. గదిలో మాత్రం తియ్యటి వాసన ఒకటి లేచింది.

కవిప్రియ ముఖం మారిపోయింది. ఆమె కవరు అందుకొని వాసన చూసింది. “ఇది రూముల్లో కొట్టే సెంటు గ్యాసు. ఉబ్బసం ఉన్న పిల్లలు దీన్ని పీలిస్తే ఆయాసం తగ్గేది కాదు, పట్టుకునేది.”

“అంటే అటక మీద ఉండేవే డూప్లికేట్లు,” అన్నాడు గుణశేఖర్ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. “నేను తలకిందులుగా చూసినా.”

“మిమ్మల్ని అట్లా చూడమనే ఫోన్ చేసినారు సార్,” అంది సుందరవల్లి. “డూప్లికేట్లు తయారు చేయించి, అసలువి బయట అమ్ముకున్న మనిషి ఒకడు ఉన్నాడు. కొన్ని పెట్టెలో పెట్టి పంపినాడు, కొన్ని దగ్గర ఉంచుకున్నాడు. ఉన్నట్టుండి అత్తిమంజేరిపేట పిల్లలకి ఆయాసం మొదలైంది. తను పంపినవాటి వల్లే అనుకున్నాడు. భయపడినాడు. మిగిలినవి అటక మీద పెట్టి మిమ్మల్ని పిలిచినాడు. గది తలుపు పగలలేదు, తాళంతోనే తెరిచినారు. రెండో తాళంచెవి స్టోర్‌లో ఉంది.”

“శానామంది వస్తారు స్టోర్‌లోకి,” అన్నాడు దినకర్.

“వస్తారు. అయితే ఆ ఊరి పిల్లలు పీల్చింది గాలి అని ల్యాబుకంటే ముందు, అందరికంటే ముందు చెప్పింది నువ్వే. ఇప్పుడు అసలు మందు అంటే నమ్మకం కుదరనిదీ నీకొక్కడికే. వాళ్ళకి పోయింది అసలు మందే దినకర్. వాళ్ళకి ఏం జరిగినా అది నీ వల్ల కాదు. నువ్వు నోరు మూసుకొని కూర్చొని ఉంటే ఈ జన్మలో ఎవరికీ తెలిసేది కాదు.”

దినకర్ నుదుటి విభూతి చెమటకు జారింది. ఆ ఆఖరి మాట అతన్ని తాకినట్టుంది. తను చేయని నేరం దాచుకోబోయి, చేసిన నేరాన్ని తన చేత్తోనే పోలీసులకు అప్పజెప్పాడని అప్పుడే అర్థమైంది అతనికి.

“కుదరదు,” అన్నాడు గట్టిగా. “ఆ ఊరికే పోయింది. ఆ ఊళ్ళో అయితే అడిగేవాళ్ళు ఉండరని నేనే వేరేగా పెట్టినా. పెట్టె మీద ఊరి పేరు నా చేత్తో రాసినా. యాడికి పోతుంది?”

చెప్పాక ఆగిపోయాడు. గుణశేఖర్ లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఇంకేమీ చెప్పక్కర్లేదు. స్టేషన్‌లో చెప్పు,” అన్నాడు. తరవాత రమ్యశ్రీ వైపు తిరిగాడు. రెండు క్షణాలు తటపటాయించాడు. “నిన్ను తీసుకొని పోయేది లేదమ్మా. నాది తప్పు.”

కవిప్రియ బల్ల దాటి వచ్చి ఆ అమ్మాయిని గట్టిగా పట్టుకుంది. డాక్టర్ కూడా ఏడుస్తోంది. రమ్యశ్రీ మాత్రం ఏడవడం ఆపేసింది. ఆమె దినకర్ వైపే చూస్తోంది.

“పేరు రాసినారా? పెట్టె మీద?”

“ఏం?” అంది సుందరవల్లి.

“పేరు ఎవరు చూస్తారు మేడమ్. అన్నీ ఒకటే మందు కదా. ఎవరి బండి ముందొస్తే వాళ్ళు తలుపు దగ్గర ఉండే పెట్టె ఎత్తుకొని పోతాం, వెనకాలదాన్ని లాక్కొనే పని లేకుండా. ఎప్పుడూ అంతే. ఆ రోజు…” ఆమె డాక్టర్ వైపు తిరిగింది. “ఆ రోజు ఆరంబాక్కం బండి ముందొచ్చింది. తిరుమలమ్మక్క ముందరి పెట్టె తీసుకొని పోయింది. మిగిలింది నేను తీసుకున్నా.”

డూప్లికేట్లు ఆరంబాక్కం చేరాయని అర్థమై కవిప్రియ ఫోన్ అందుకుంది.

ఆరంబాక్కం నర్సు తిరుమలమ్మ మూడో రింగుకు ఎత్తింది. కవిప్రియ అడిగిన ప్రశ్నకు ఆమె మామూలుగా జవాబిచ్చింది. పాత మందు నిన్నటిదాకా వచ్చింది. కొత్త పెట్టె ఈ మధ్యాహ్నమే తెరిచింది. అందరికీ పంచేసింది. రాత్రి అన్నానికి ముందు పిల్లలు మొదటిసారి పీలుస్తారు.

రమ్యశ్రీ డాక్టర్ చేతిలోనుంచి ఫోన్ తీసుకుంది.

“అక్కా, నేను రమ్యని. నేను చెప్పేది విను, ఎందుకని తరవాత అడుగు. ఆ పంపులు ఒక్క పిల్లోడు కూడా నోట్లో పెట్టగూడదు. చేపల వేలానికి మైకు పెడతారు కదా, అక్కడికి పో. శీక్రం. అందులో చెప్పు. తెచ్చి నీ చేతికి ఇమ్మను.”

ఫోన్ పెట్టలేదు. తిరుమలమ్మ పరుగెత్తే చప్పుడు, ఆమె రొప్పు, ఎవరితోనో వాదన వినిపించాయి. తరవాత మైకు గరగరలాడింది. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి ఆమె గొంతు ఊరంతా మోగింది. తిరుత్తణిలో ఆ చిన్న ఫోన్ చుట్టూ అందరూ నిలబడి విన్నారు. ఒక తల్లి వచ్చింది. ఇంకొక తల్లి. తిరుమలమ్మ పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ పంపులు తీసుకుంటోంది. ప్రతి పేరుకూ రమ్యశ్రీ వేలు ముడుచుకుంటోంది. గుణశేఖర్ అది చూస్తూ తెలియకుండానే తనూ ముడుచుకుంటున్నాడు.

“అందరూ తెచ్చిచ్చినారు రమ్యా,” అంది తిరుమలమ్మ. “ఒక్కటే మిగిలింది. లోకనాథం కొడుకు. వాళ్ళు మొక్కు తీర్చుకునేదానికి మధ్యాహ్నం బస్సులో పెరియపాళయం పోయినారంట. పంపు సంచిలోనే ఉంది. ఫోన్ చేస్తే ఎత్తడంలా.”

“ఆ పిల్లోడికి ఎట్లా ఉంటుంది మామూలుగా?” అంది కవిప్రియ.

“మా దగ్గర ఉండేవాళ్ళలో వాడికే ఆయాసం ఎక్కువ డాక్టరమ్మా. పొద్దున్నుంచి దగ్గు.”

గుణశేఖర్ అప్పటికే వైర్‌లెస్‌లో పెరియపాళయం పోలీసులను పిలుస్తున్నాడు. “భవానీ అమ్మన్ గుడి. తండ్రి పేరు లోకనాథం. పిల్లోడు ఎట్లా ఉంటాడు? ఎవరికన్నా తెలుసా?”

“నాకు తెలుసు,” అంది రమ్యశ్రీ. “ఆరేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయినాయి. క్యాంపులో నా ఒళ్ళో కూర్చోనే మందు పీల్చినాడు. సూది అంటే భయం, పంపు అంటే భయం లేదు. చెప్పకుండానే తీసి పీల్చుకుంటాడు.”

ఆ చివరి మాట విని సుందరవల్లి బ్యాగు అందుకుంది.

దినకర్‌ను కానిస్టేబుల్ మెట్లు దించుతున్నాడు. రమ్యశ్రీ అతన్ని దాటుకొని స్టోర్‌లోకి వెళ్ళింది. అలమర తెరిచి ఒక్కొక్క పంపూ తన నల్ల చెప్పుల మీద నొక్కి చూసింది. తెల్లటి మరక పడిన నీలం పంపును సంచిలో వేసుకుంది. కొత్త స్పేసర్ ఒకటి తీసి సోపు నీళ్ళలో ముంచి, నీళ్ళు కారుతుండగానే చేతిలో పట్టుకొని బయటకు వచ్చింది.

“కారు అద్దం దించండి మేడమ్,” అంది సుందరవల్లితో. “పెరియపాళయం పోయేలోపు ఇది గాలికి ఆరిపోతుంది.”